శనివారం తెల్ల డ్రెస్సు

లక్ష్మీకాంతం ఒకటి అనుకుందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినదు. ఆయన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మర్యాదగా సాగనంపి, తను అనుకున్నదే చేస్తుంది. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు పెడనలో ఎవరూ లేరు. నా కుట్టుమిషను కొట్టుకి ఎదురిల్లు వాళ్ళదే.

ఆమెది కలంకారీ అద్దకం పని. ఊరి చివర షెడ్డులో పొడుగాటి బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చును రంగులో అద్ది, బట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దుతుంది. పుట్టింట్లో మగ్గం ఉండేది. అది మూలపడ్డాక ఈ పనిలోకి వచ్చింది. చేతులు చూస్తే చాలు, ఆమె ఏం పని చేస్తుందో మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కరక్కాయ నీళ్ళు పట్టిన బట్టకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. అందుకే ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఆ తర్వాత ఇనప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తారు. ఆ నలుపు బట్టనీ వదలదు, వేసేవాళ్ళ చేతుల్నీ వదలదు.

భర్త దుర్గాప్రసాద్ అదే షెడ్డులో అచ్చు వేసిన బట్టల్ని రంగులో ఉడకబెడతాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, హర్షిణి. ఐదో తరగతి దాకా మా వీధి గవర్నమెంటు బళ్ళోనే చదివింది. ఆరో తరగతికి ఎక్కడ వెయ్యాలన్నదాని మీద ఆ ఎండాకాలమంతా ఆ ఇంట్లో యుద్ధమే. నేను మిషను ఆపి మరీ వినేదాన్ని. ఎందుకు దాచాలి!

"జిల్లా పరిషత్ హైస్కూలు నడిచెళ్ళే దూరంలో ఉంది. అక్కడ మేష్టర్లు పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు. నువ్వు చెప్పే బందరు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదెవరో తెలుసా? మన కాంతారావు గారి అమ్మాయి ప్రీతి. మొన్నటిదాకా మన షెడ్డులో లెక్కలు రాసింది!" అన్నాడు దుర్గాప్రసాద్.

"రాస్తే ఏం? ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది."

"నాతో తెలుగులోనే మాట్లాడుతుందే?"

"నీతో ఏ భాషలో మాట్లాడినా ఒకటే," అంది లక్ష్మీకాంతం.

దుర్గాప్రసాద్ తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. నిజానికి ఆమె పట్టుదలకి కారణం ఇంగ్లీషు కాదు. సెలవులివ్వకముందు ఒకరోజు జాకెట్టు కొలతకి వచ్చినప్పుడు నాకు చెప్పింది.

"పొద్దున పసుపు బస్సు వచ్చి వీధిలో పిల్లలంతా ఎక్కుతుంటారు చూడు కుసుమక్కా, అప్పుడు మా హర్షిణి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడుతోంది. బస్సు కదిలాకే బయటికొస్తుంది. ఎవరూ వెళ్ళమని చెప్పలేదు, అదే వెళ్తోంది. నా కూతురు ఎవర్ని చూసీ తలుపు చాటున నిలబడకూడదక్కా."

 నేనూ రోజూ చూస్తున్నదే.

జూన్‌లో హర్షిణి పసుపు బస్సెక్కింది. మామూలు రోజుల యూనిఫాం స్కూలు వాళ్ళే ఇచ్చారు. శనివారం తొడుక్కునే తెల్ల డ్రెస్సు మాత్రం ఎక్కడైనా కుట్టించుకోవచ్చన్నారు. పాలిస్టర్ కలిసిన బట్ట తీసుకో, మాపు కనపడదు, ఉతకడం తేలిక అని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"బట్టల ఊళ్ళో పుట్టి పిల్లకి పాలిస్టర్ తొడగనా? మా నాన్న వింటే నవ్విపోతాడు," అంటూ ఏరికోరి అసలైన నూలు బట్ట తెచ్చి నా బల్ల మీద పడేసింది. సరేనని కుట్టాను.

శ్రావణమాసంలో వాన పట్టింది. షెడ్డులోకి నీళ్ళొస్తే దుర్గాప్రసాద్ కరక్కాయ పని కొంత ఇంటికి తెచ్చుకున్నాడు. శుక్రవారం సాయంత్రం లక్ష్మీకాంతం అలిసిపోయి వచ్చి, పెరట్లో టబ్బు ఒంపేసి, అందులోనే తెల్ల డ్రెస్సు నానేసింది. టబ్బులో అడుగున ఉండిపోయిన కరక్కాయ నీళ్ళ సంగతి చూసుకోలేదు. ఆరాక డ్రెస్సు కాస్త పసుపురంగుగా కనిపిస్తే వానాకాలం ఉతుకు ఇంతేలే అనుకుంది. మర్నాడు జల్లు పడుతుండగా పిల్ల బస్సెక్కి, కిటికీకున్న తడిసిన ఇనప కమ్మీలకి వీపు ఆనించి బందరు దాకా వెళ్ళింది. పాలిస్టర్ అయితే ఏమీ అయ్యేది కాదు. నూలు బట్టాయె, కరక్కాయ బాగా పట్టింది. దిగేసరికి వీపు నిండా నల్లటి చారలు.

ప్రీతి ఫోన్ చేసింది. హర్షిణిని ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చోబెట్టామని, వేరే డ్రెస్సు ఉంటే తెమ్మని చెప్పింది. లక్ష్మీకాంతం షెడ్డులోంచి అలాగే పరిగెత్తుకొచ్చి, ఇంట్లోంచి మామూలు యూనిఫాం తీసుకుని, "నువ్వు కుట్టావుగా, నువ్వూ రా," అని నన్ను ఆటో ఎక్కించింది. కుట్టినదానికీ మరకకీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. పెద్ద ఆఫీసుకి ఒంటరిగా వెళ్ళాలంటే బెరుకని మాత్రం అర్థమైంది.

బెంచీ దగ్గర కూతుర్ని వెనక్కి తిప్పి చూసి, ఆ చార మీద వేలు పెట్టి, నవ్వడం మొదలెట్టింది. "అయ్యో నా మతి మండా! ఇది నా నలుపేనే! సబ్బుకి పోదు, ఏం చేసినా పోదు."

హర్షిణి నవ్వలేదు. వరండాలో అటూ ఇటూ చూసి, చిన్న గొంతుతో, "అమ్మా, చేతులు కొంగు కింద పెట్టుకో," అంది.

"ఎందుకే?"

"మా క్లాసులో వేరే ఊళ్ళ ఫ్రెండ్స్‌కి నువ్వు బట్టల షాపులో చేస్తావని చెప్పాను."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. లక్ష్మీకాంతం మాత్రం రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది.

ప్రిన్సిపాల్ గారు మంచావిడే. కూర్చోమన్నారు. పిల్ల బాగా చదువుతోందని, శనివారం తెల్ల డ్రెస్సు శుభ్రంగా ఉండాలని చెప్పారు. మాటల్లో మాటగా, "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగారు.

లక్ష్మీకాంతం కూతురి వంక ఒకసారి చూసింది. "బట్టల షాపులో చేస్తానండి," అంది.

తెచ్చిన యూనిఫాం తొడిగి పిల్లని క్లాసుకి పంపేసి ఆటో ఎక్కాం. పెడన దగ్గరపడుతుంటే, "దాన్ని తలుపు చాటు నుంచి బయటికి తెచ్చాననుకున్నానక్కా. ఇప్పుడది నన్ను తలుపు చాటున నిలబెట్టింది. దాన్నని ఏం లాభం? అడిగితే నేనూ అదే చెప్పానుగా," అంది. కళ్ళు తుడుచుకోవడానికైనా చేతులు కొంగు కిందనుంచి తియ్యలేదు.

దసరా సెలవుల తర్వాత హర్షిణిని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్పించింది. దుర్గాప్రసాద్ మీసం దువ్వుకుంటూ, "నేను ముందే చెప్పానా?" అన్నాడు. "నువ్వు చెప్పింది మేష్టర్ల గురించి. నేను తీసుకొచ్చింది అందుకు కాదు, నోరు మూసుకో," అంది.

హర్షిణి ఏడ్చింది, అన్నం మానేసింది, తల్లితో మాట్లాడ్డం మానేసింది. ఆ హైస్కూలేమీ స్వర్గం కాదు. లెక్కల మేష్టారు బదిలీ అయిపోతే ఇంకొకరు రాలేదు. పసుపు బస్సు ఎదురుపడకూడదని ఆ పిల్ల కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది. లక్ష్మీకాంతానికైతే వీధిలోకొస్తే చేతులు కొంగు కింద పెట్టుకునే అలవాటు పట్టుకుంది. "చలేస్తోందా ఏమిటే?" అని కసురుకున్నాను ఒకసారి. కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పిల్లని ఆ స్కూలు మాన్పించి తప్పు చేసిందేమోనని నాకూ అనుమానం వచ్చింది.

ఒకనాటి సాయంత్రం హర్షిణే ఆ తెల్ల డ్రెస్సు పట్టుకుని నా కొట్టుకి వచ్చింది.

"పెద్దమ్మా, దీని కుట్లు విప్పుతావా? మా క్లాసులో అనూష వాళ్ళమ్మ కూడా అమ్మ బల్ల దగ్గరే చేస్తుంది. కరక్కాయ పట్టిన బట్టని ఎవరైనా మసిగుడ్డ చేస్తారా, అచ్చు వేయించుకోవాలి గానీ అని అనూష అంది. అమ్మనడిగితే కుట్లు విప్పించుకు రమ్మంది."

"అమ్మతో మాట్లాడావన్నమాట."

"ఆ ఒక్కటే అడిగాను," అంది మూతి ముడుచుకుని.

నేను కుట్లు విప్పాను. లక్ష్మీకాంతం ఆ నల్ల చారల్నే తీగలు చేసి, వాటికి ఆకులూ పువ్వులూ అద్దింది. దుర్గాప్రసాద్ ఎర్రరంగులో ఉడకబెట్టాడు. నేను మళ్ళీ కుట్టాను. మొదట మరక ఎక్కడుందో కుట్టిన నాకే తెలియలేదు.

కార్తీకంలో హర్షిణి పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు యూనిఫాం బదులు కలర్ డ్రెస్సు వేసుకుని, క్లాసులో చాక్లెట్లు పంచడం ఏ బళ్ళోనైనా ఉన్నదే. హుక్కు ఊడిందని పొద్దున్నే తల్లీకూతుళ్ళు నా కొట్టుకి వచ్చారు. హుక్కు కుట్టి దారం తెంపేసరికి పసుపు బస్సు సరిగ్గా మా ముందు ఆగింది.

హర్షిణి నా కొట్టు తలుపు వైపు చూసింది. వెనక చోటుంది. లక్ష్మీకాంతమూ చూసింది. 

కిటికీలోంచి పాత క్లాసులో తనతో చదివిన పక్కూరి పిల్ల తల బయటపెట్టి, "హర్షిణీ, హ్యాపీ బర్త్‌డే! డ్రెస్సు భలే ఉందే, ఎక్కడ కొన్నారు?" అని అరిచింది.

"కొనలేదే. మా అమ్మ అద్దింది," అంది హర్షిణి. బస్సు మొత్తానికీ వినపడేటట్టే అంది. "మా అమ్మ కలంకారీ వేస్తుంది. ఇదిగో, ఈవిడే!" అని తల్లి మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

కొంగు కిందనుంచి చేతులు బయటికొచ్చాయి. లక్ష్మీకాంతం ఒకసారి వాటి వంక చూసుకుంది. తర్వాత ఆ నల్లటి చెయ్యి పైకెత్తి, బస్సు మలుపు తిరిగేదాకా పిల్లలకి టాటా చెబుతూనే ఉంది.