గుండయ్య లేపిన గాలి గొట్టం

నిజాం కాలపు మోటార్ల నుంచి నిన్నటి లారీల దాకా తన చేయి పడని ఇంజన్ లేదని శాలిబండ మెకానిక్ గుండయ్య చెప్పుకునేవాడు. ఇంజన్ గాలి పీల్చే గొట్టాన్ని క్యాబిన్ పైకి లేపితే బండికి బలం వస్తుందని చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఒకరోజు ఆ గొట్టం పెట్టిన లారీయే రాళ్ల లోడుతో గుట్ట ఎక్కలేక వెనక్కి వచ్చింది.

"మామా, నీ గొట్టం హుక్కా లెక్క నిలబడ్డది గానీ బండి గుంజుతలేదు!" అన్నాడు డ్రైవర్ మొగులయ్య.

గుండయ్య నీరసంగా ఎయిర్ క్లీనర్ విప్పాడు. అడుగున దుమ్మును పట్టుకునే నూనె ఎప్పటికన్నా తేటగా ఉంది.

"బలం పెరగలే బిడ్డా, పైన గాలి సాఫ్‌గుంటది గనక దుమ్ము తగ్గింది. ఇంజన్ మస్తు రోజులు నడుస్తది, గంతే."

"మరి గుట్ట?"

"లోడు తగ్గించు."

సాయంత్రం ఇంకో డ్రైవర్ వచ్చి బలం గొట్టం కావాలన్నాడు.

"దుమ్ముకైతే పెడ్తా. బలానికి కాదు," అన్నాడు గుండయ్య. వచ్చినవాడు పక్క షెడ్డుకు పోయాడు.