మూడంగుళాల తీర్మానం

జిల్లా మండలి కార్యాలయంలో తలుపులూ బల్లలూ చూసుకునే వడ్రంగి మేస్త్రీకి కొలతలెక్కువ, మాటలు తక్కువ. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన ఏ సమావేశంలోనూ నోరు విప్పలేదు. విప్పమన్నవాళ్లూ లేరు.

ఆ ఏడు ఎన్నికల్లో గెలిచిన ముప్పై ఒక్క మంది సభ్యులు తమలోంచి ఒకావిణ్ణి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మ. గట్టి మనిషే, కానీ పొట్టి. కుర్చీ చూస్తే ఆరడుగుల పాత అధ్యక్షుడి కొలతకు చేయించింది. అందులో కూర్చుంటే ఆవిడ కాళ్లు గాల్లో ఊగేవి. మొదటి సమావేశంలో కోపంగా మాట్లాడుతుండగా చెప్పు జారి టప్పున కింద పడింది. సభ్యులందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

మర్నాడే మేస్త్రీకి పిలుపొచ్చింది. "దీని కాళ్లు మూడంగుళాలు కోసెయ్యండి మేస్త్రీగారూ."

"అలాగేనమ్మా" అని రంపం తీశాడో లేదో, కార్యనిర్వహణాధికారి పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఎన్నికైనవాడు కాదు, ప్రభుత్వం వేసిన మనిషి. సభ్యులు తీర్మానించింది చేయించడం, నిబంధన తప్పకుండా చూడడం ఆయన పని.

"ఆగవయ్యా బాబూ! అది మండలి ఆస్తి. తీర్మానం లేకుండా గీత పడినా నా మెడకు చుట్టుకుంటుంది."

ఫైలు పనుల సంఘానికెళ్లింది. కోయడం మరమ్మతు కాదు, మార్పు అని వాళ్లు దాన్ని ఆర్థిక సంఘానికి పంపారు. ఖర్చే లేనిదానికి మేమెందుకని వాళ్లు సర్వసభ్య సమావేశానికి తోశారు. నాలుగు నెలలు గడిచాయి. ఆవిడ చెప్పులు మానేసి, తాళ్లు బిగించి బూట్లు వేసుకోసాగింది.

ఈలోగా మేస్త్రీ మనసును ఒక అనుమానం తొలిచింది. కుర్చీ దిగుతుంది సరే, ముందున్న బల్ల దిగదుగా?

సమావేశం రోజు రంపంతో సిద్ధంగా ఉండమంటే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల గొంతులు చించుకుంటున్నారు.

"కుర్చీ ఎత్తు తగ్గితే పదవి ఎత్తు తగ్గినట్టే!"

"పదవి కుర్చీ కాళ్లలో ఉంటుందటండీ?"

మేస్త్రీ చెయ్యెత్తాడు. "అయ్యా, ఆ బల్ల..."

"నువ్వు సభ్యుడివి కాదయ్యా, ఊరుకో" అన్నాడు అధికారి.

మేస్త్రీ చెయ్యి దించేశాడు. ఓట్లు పదిహేనూ పదిహేనూ అయ్యాయి. సమానమైతే తేల్చాల్సింది అధ్యక్షురాలే. ఆవిడ క్షణంలో తేల్చేసింది.

మేస్త్రీ అక్కడికక్కడే కోశాడు. ఆవిడ కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. మొహం విప్పారింది. కానీ సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బల్ల ఆవిడ గడ్డం దాకా వచ్చింది. దూరంనుంచి చూస్తే, ఎవరో ఒక తలను బల్లమీద పెట్టి మరిచిపోయినట్టుంది.

"ముందే చెప్పొచ్చుగా మేస్త్రీగారూ!"

"చెప్పబోయానమ్మా. సభ్యుడివి కాదన్నారు."

అధికారి ఫైలు తెరిచి అందులో తలదూర్చాడు. ఆవిడకు మాత్రం నవ్వాగలేదు. "మరి బల్ల కూడా కోస్తే?"

"మళ్లీ ఫైలేగా అమ్మా! కోసిన ముక్కలు అతికిస్తాను, అది మరమ్మతే. కాళ్ల కింద పీట మా ఇంటినుంచి తెస్తాను. దానికి తీర్మానంతో పనిలేదు."

సాయంత్రానికల్లా పనయిపోయింది. ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేసి, పని తెలిసినవాణ్ణి ఏ సంఘమైనా ఆహ్వానితుడిగా పిలుచుకోవచ్చని కనిపెట్టింది. ఓటుండదు, మాట్లాడొచ్చు. ఆ వారమే మేస్త్రీని పనుల సంఘానికి పిలిపించింది.

"ఇంట్లో అడిగినదానికే పలకరు, అక్కడేం మాట్లాడతారు?" అంది భార్య.

ఆ రోజు విషయం బడి బెంచీలు. అన్నీ ఒకే ఎత్తులో చేయిద్దామన్నారు. మేస్త్రీ లేచాడు. ఒకటో తరగతి పిల్లల కాళ్లెంత, పదో తరగతి వాళ్ల మోకాళ్లెక్కడ, వంగి రాస్తే నడుమేమవుతుంది అని మొదలుపెట్టి నలభై నిమిషాలు ఆపలేదు. సభ్యులు రెండు కొలతలకు ఒప్పుకున్నాక కూడా ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది.

"ఏమైంది?" అంది భార్య, మంచినీళ్లందిస్తూ.

"టైమైపోయిందని లేచారు. మిగిలింది వచ్చే వారం పూర్తి చేస్తానన్నాను."

"ఏంటి, బెంచీలా?"

"కాదే, నా ప్రసంగం."