సోదాలో దొరికిన దూడ

మా బర్రె దూడ చచ్చిపోయిందని ఇప్పుడైతే రాయగలుగుతున్నాను. అప్పట్లో ఆ మాట మా ఇంట్లో ఎవరూ నోటితో అనకూడదు. పురానాపూల్ దగ్గర పాల వ్యాపారం చేసే మా వాళ్ల ఆచారం అది. దూడ పోతే "పండుకుంది" అనాలి. తల్లి మళ్లీ ఈనేదాకా ఇంట్లో గానీ వీధిలో గానీ ఇంకో మాట రాకూడదు. వస్తే అది ఎలాగోలా బర్రె చెవిన పడుతుందనీ, ఇక పాలు చేపదనీ నమ్మకం. కోడలిగా వచ్చిన కొత్తలో నేను దీనికి పకపకా నవ్వాను. మా మామ నవ్వలేదు. ఆ పూట నాతో మాట్లాడలేదు కూడా.

నేను చెప్పేది నలభై ఎనిమిది ఎండాకాలం సంగతి. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు గానీ మేమింకా ఢిల్లీ కిందికి రాలేదు. హైదరాబాదు ఒక దేశం, మా చుట్టూ ఉన్నది ఇంకో దేశం. కొన్నాళ్లు ఎక్కడివాళ్లం అక్కడే ఉందామని రెండూ కాగితం రాసుకున్నాయి. ఆ ఎండల్లోనే సరిహద్దు దగ్గర ఎవరో రైలు ఆపి, ఎక్కి, ప్రయాణికులను చంపారు. ఎవరు చంపారో ఢిల్లీ రేడియో ఒకటి చెప్పేది, హైదరాబాదు రేడియో ఇంకొకటి చెప్పేది. దోషులను అప్పగించమని అటు నుంచి జాబు వచ్చేది. మావాళ్లు కారు, మీవాళ్లే వేషం వేసుకొచ్చారని ఇటు నుంచి జవాబు పోయేది. పెద్దమనుషులు విమానమెక్కి ఢిల్లీ పోయి మాట్లాడి వచ్చేవారు, వచ్చాక ఇద్దరికీ అనుమానం ఇంకాస్త పెరిగేది. ఈ లోపల అటునుంచి రావలసిన ఉప్పు, మందులు, పెట్రోలు ఆగిపోయాయి. బర్రెలకు పెట్టే పత్తిగింజలు కూడా ఆగాయి.

"వాళ్లు జాబు రాస్తరు, వీళ్లు జవాబు రాస్తరు. నడుమ నా బర్రెలేం పాపం చేసినయి?" అని మామ చాయ్ హోటల్‌లో రేడియో విని వచ్చి గొణిగేవాడు. రెండు దేశాల గొడవ అంతా తన కుడితి తొట్టి కోసమే జరుగుతోందన్నట్టుండేది ఆయన ధోరణి.

మా గోడను ఆనుకునే లక్కగాజులు చేసే ముస్లిం పెద్దాయన ఇల్లు, మేమంతా చిచ్చా అనేవాళ్లం. చిచ్చా, ఆయన భార్య చాచీ, ఐదు నెలల మనవరాలు, అంతే ఆ ఇంట్లో. పిల్ల తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి షోలాపూర్ మిల్లులో పని. అంటే సరిహద్దుకు అవతల. ఆ పిల్ల మా బర్రె పాల మీదే బతుకుతోంది. రోజూ తెల్లవారగానే చిచ్చా కళాయి గిన్నె పట్టుకుని వచ్చేవాడు, నేను తీసిన పాలు తీసినట్టే పోసేదాన్ని.

రైలు సంగతి తెలిసిన నాటి నుంచి ఈ రెండిళ్లకూ జబ్బు పట్టింది. షోలాపూర్ నుంచి ఉత్తరం వస్తే మామ గోడ ఇవతల నుంచి చెవులు రిక్కించేవాడు. "కొడుకు ఆడ, తండ్రి ఈడ. ఏం రాసుకుంటరో ఎవరికెరుక?" అనేవాడు. అవతల చాచీ కూడా తక్కువ తినలేదు. అన్నేళ్లలో లేనిది, పాల గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం మొదలుపెట్టింది. పాలవాళ్లు విషం కలుపుతున్నారని ఊళ్లో పుకారు. నేను గమనించానని ఆమెకు తెలుసు. అయినా చూసేది.

అలాంటి రోజుల్లో దూడ పండుకుంది.

దూడ లేకపోతే బర్రె పాలివ్వదు. అందుకని చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఆరబెట్టించి, లోపల గడ్డి కూరి కుట్టిస్తారు. ఆ తోలు దూడకు ఉప్పు రుద్ది తల్లి ముందు నిలబెడితే అది నాకుతూ పాలు చేపుతుంది. మామ ఆ పని ఉప్పుగూడలో తెలిసినవాడి చేత చేయించి, గోనెసంచిలో చుట్టి, వేకువన భుజాన వేసుకుని వచ్చాడు. నాలుగు కాళ్లూ సంచిలోంచి కట్టెల్లాగా పొడుచుకొస్తున్నాయి. వాకిట్లో చిచ్చా ఎదురయ్యాడు.

"క్యా లాయే భాయ్? ఏం తెచ్చినవ్?"

"ఏం లేదు," అన్నాడు మామ. ముఖం చూడకుండా కొట్టంలోకి పోయి తలుపు వేసుకున్నాడు. దూడ అని చెప్పకూడదు కదా. ఇంకేదైనా అబద్ధమాడటానికి ఆయనకు తెలివి చాలలేదు.

వేకువన తలుపు సందుల్లోంచి ఎవరు చూశారో, ఆ పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లంతా నన్ను పట్టుకున్నారు. మీ మామ ఏం మోసుకొచ్చిండు, పొడుగ్గ ఏందవి, కొట్టం తలుపెందుకు పెట్టిండు. ఒకరి తర్వాత ఒకరు. నాకసలే ముక్కు మీద కోపం. రాత్రంతా ఆ బర్రె అరుపులకు నిద్ర లేదు. పైగా నిజం చెప్పే దారి లేదు.

"తుపాకులు!" అన్నాను బిందె ఎత్తుకుంటూ. "ఢిల్లీవాళ్లు పంపిన్రు. చాలా?"

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. నవ్వనివాళ్లను నేను ఆ క్షణంలోనే చూశాను. వెనక్కి తిరిగి "అరే, ఊకె అన్న" అంటే సరిపోయేది. అనలేదు, రోషం. బిందె సర్దుకుని ఇంటికొచ్చేశాను.

మూడోనాడు ఖాకీ చొక్కాల వాలంటీర్లు ఐదారుగురు వచ్చారు. ఊళ్లో సోదాలు వాళ్ల చేతిలోనే ఉండేవి. గడ్డివాము చిందరవందర చేశారు, కుడితి తొట్టిలో కట్టె పెట్టి కలియబెట్టారు, చివరికి కొట్టంలో తోలు దూడ దొరికింది. వాళ్ల పెద్ద దాని పొట్టలో కత్తి దించి ఈ చివర నుంచి ఆ చివరకు చీల్చాడు. గడ్డి రాలింది. తుపాకులు రాలితే కూడా అతనికి అంత కోపం వచ్చేది కాదేమో. ఉత్తరాలైనా ఉంటాయని గడ్డంతా పోచ పోచ వెతికించాడు. బర్రె చూస్తోంది. పలుపు తెంపుకుని గోడకేసి కుమ్మింది.

"చచ్చిన దూడను ఎందుకు దాస్తివి?" అని అడిగాడతను మామను.

ఇంత జరుగుతున్నా మామ బర్రె ముందు ఆ మాట అననేలేదు. దాంతో వాళ్ల అనుమానం పోలేదు. తోలును తనిఖీ చేయాలని పట్టుకుపోయారు. అది ఏ దఫ్తరుకు చేరిందో, ఏం తనిఖీ చేశారో, మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రమే బర్రె ఒట్టిపోయింది. మామ కొట్టంలో కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడ్చి లేచి, గోడ వైపు చెయ్యి చూపించాడు. "చూసింది వాడొక్కడే. చెప్పింది వాడే."

చిచ్చా కాదు మామా, నేను, అనాలి. అంటే పుట్టింటికి పంపిస్తాడని భయం. అదొక్కటే కాదు. ఒకవేళ నిజంగానే చిచ్చా కూడా చెప్పాడేమో, నా మాట వల్ల కాదేమో అని ఒక పాడు ఆశ. అనుమానం ఎంత సుఖంగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. మన తప్పును పక్కింటి గోడకు చేరవేసి హాయిగా కూర్చోవచ్చు.

మర్నాడు చిచ్చా గిన్నెతో వస్తే మామ "పాలు లేవు" అన్నాడు. ఇంకో ముసలి బర్రె ఉంది, కొద్దిగా ఇస్తోంది, చిచ్చాకూ తెలుసు. ఆయన గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"బచ్చీ కోసం భాయ్. నాకు గాదు."

"చెప్పిన కద. లేవు."

ఆ వాడలో పాలు పోసే ఇళ్లన్నీ మా చుట్టాలవే. మామ మాట అన్ని గడపలకూ పాకింది. చిచ్చా ఏ కొట్టం దగ్గరికి పోయినా అదే జవాబు. ఎక్కడో మేకపాలు దొరికించుకున్నారు, పిల్లకు పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. మందుల దుకాణంలో మందు లేదు, సరిహద్దులో ఆగింది. గోడ అవతల ఏడుపు నాకు పగలంతా వినపడేది. రోజురోజుకూ సన్నబడింది. ఎనిమిదో రోజు అసలు వినపడలేదు. అప్పుడు భయమేసింది నాకు, మామ కంటే, పుట్టింటి కంటే ఎక్కువ భయం.

మధ్యాహ్నం మామ హోటల్‌కు పోయిన సమయం చూసి, ముసలి బర్రె పాలు కాచి, నీళ్లు కలిపి, కొంగు కప్పుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టాను. పిల్ల బతికే ఉంది. చాచీ ఒళ్లో వాడిన కాడలా పడి ఉంది, కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. చాచీ పాలు కళాయి గిన్నెలో పోసుకుంది. వాసన చూసింది. చూసి, గిన్నె నా వైపు జరిపింది.

"పహెలే తూ పీ. ముందు నువ్ తాగు."

అన్నేళ్ల పొత్తులో ఆ ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా ఇంట్లో ఒప్పుకోరని వాళ్లకు తెలుసు, ఎన్నడూ అడిగి ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు వాళ్ల గిన్నెకు నా నోరు పెట్టమంటోంది. తానేం అడుగుతోందో ఆమెకు పూర్తిగా తెలుసు. నేను తాగాను. తాగి, కోపం ఆపుకోలేక, "విషం పెట్టే మొఖమా చాచీ నాది?" అన్నాను.

"చాడీలు చెప్పే మొఖాలా మావి?"

దానితో నా నోరు తెరుచుకుంది. నల్లా దగ్గర అన్న మాట, నవ్వనివాళ్లు, నా రోషం, అన్నీ చెప్పేశాను. పొయ్యి దగ్గర లక్క కరిగిస్తున్న చిచ్చా పట్టుకారు కింద పెట్టాడు.

"ఎనిమిది రోజులు," అన్నాడు. "గిన్నె పట్టుకొని గల్లీ గల్లీ తిరిగిన. కుక్కను చూసినట్టు చూసిన్రు. నువ్ గోడకు అవతలనే ఉన్నవ్ కద బేటీ?"

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చినా ఎవరూ ఓదార్చలేదు. చాచీ పిల్లకు గుడ్డ ముంచి పాలు పిండుతూ, తల ఎత్తకుండానే, "రేపు గూడ నువ్వే తే. తాగి ఇయ్యి," అంది.

నిజం చెబితే మబ్బు విడిపోతుందనుకున్నాను. విడిపోలేదు. అంతకుముందు వాళ్లకు ఉన్నది ఉత్త అనుమానం. ఇప్పుడు నా నోరు ఎలాంటిదో రుజువు కూడా దొరికింది.

సాయంత్రం మామకూ చెప్పాను. ఆయన పుట్టింటికి పంపలేదు, కొట్టలేదు. మర్నాటి నుంచి పాలు పోయమన్నాడు. కానీ చుట్టాల దగ్గర మాత్రం నోరు విప్పలేదు. "మన ఇంటి పరువు పోతది" అన్నాడు. చాడీకోరు అన్న మచ్చ చిచ్చాకే ఉండిపోయింది.

వానలు తగ్గే వేళకు యూనియన్ సైన్యం వచ్చింది. జాబులు, జవాబులు ఆగిపోయాయి. ఖాకీ చొక్కాలు కనబడలేదు. ఇప్పుడు భయం గోడ దాటి అటు పోయింది. చిచ్చా ఇంటి తలుపు పగలు కూడా మూసే ఉండేది, నా గొంతు విన్నాకే తీసేవారు. ఉప్పు వచ్చింది, పత్తిగింజలు వచ్చాయి, షోలాపూర్ ఉత్తరాలు వచ్చాయి. పొద్దున్నే నేను గిన్నె ఎత్తి ఒక గుక్క తాగడం మాత్రం అలాగే సాగింది. చాచీ ఒక్కరోజు కూడా మరువలేదు. ఏడాది గడిచింది.

పిల్ల కోలుకుంది, నడక నేర్చింది. ఒకరోజు నేను పాలు పోశాక చాచీ గిన్నె నాకు అందించలేదు. నేరుగా పిల్ల ముందు పెట్టి, గాజుల పనిలో పడింది. మరిచిపోయిందో, కావాలనే ఊరుకుందో. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు చాలనుకుందేమోనని కొంగుతో కళ్లు ఒత్తుకుని లేవబోయాను.

పిల్ల ఆ గిన్నెను రెండు చేతులా ఎత్తుకుని, ఒలకబోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా నోటికి అందించింది. "నువ్ తాగు బేటీ" అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేను గుక్క మింగేదాకా నా గొంతు వంకే చూసింది, ఆ తర్వాతే తాగింది. పాలంటే అందరి ఇళ్లల్లో అలాగే తాగుతారనుకుంది ఆ పిల్ల.