పిల్లనగ్రోవికి సరిపడే పళ్లు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ వానలు పట్టుకున్న రోజుల్లో, నన్ను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఆసుపత్రి దంత విభాగానికి మార్చారు. నా హోదా డెంటల్ మెకానిక్. ఆ పేరు విని స్కూటర్లు బాగుచేస్తాననుకునేవాళ్లు మా బంధువుల్లో ఇప్పటికీ ఉన్నారు. నా పని కట్టుడు పళ్లు తయారుచేయడం. రోగి నోట్లో చెయ్యి పెట్టే అధికారం డాక్టరుదే. డాక్టరు తీసిచ్చిన అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేస్తాను. దాని మీద మైనంతో పళ్లు నిలబెడతాను. డాక్టరు వాటిని రోగి నోట్లో పెట్టి చూసి సరేనన్నాక, మైనం కరిగించి ఆ చోట ఎక్రిలిక్ అనే ప్లాస్టిక్ ముద్ద నింపి ఉడికిస్తాను. ఉడికాక ఇక పన్ను జరగదు.

అక్కడ నా చేతికి వచ్చిన మొదటి పూర్తి సెట్టు ఆ ఊళ్లోనే ప్రోతరాపూర్‌లో ఉండే అప్పలస్వామిగారిది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబం. ఆయన మాత్రం చాతం నుంచి బంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో లష్కర్‌గా, అంటే తాళ్లు విసిరి ఫెర్రీని జెట్టీకి కట్టే మనిషిగా, పనిచేసి రిటైరయ్యారు. చిగుళ్ల జబ్బు వచ్చి పళ్లన్నీ తీసేయాల్సి వచ్చింది.

పుస్తకంలో ఉన్నట్టే పై వరస ముందు పళ్లను చిగురు గట్టుకు దగ్గరగా, తిన్నగా నిలబెట్టాను. అలా పెడితే నమిలేటప్పుడు సెట్టు కదలదు. ఆ వరస చూసుకుని నేనే మురిసిపోయాను. కొత్తగా చేరిన మలయాళీ డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది.

వారం తిరక్కుండానే ఆయన మళ్లీ వచ్చారు. ఎడమవైపు ఒత్తుతోందన్నారు. ఒత్తితే చిగురు మీద ఎర్రటి గుర్తు ఉండాలి. డాక్టరు వెతికింది, కనబడలేదు. అయినా ఆయన చెప్పిన చోట కాస్త అరగదీశాను. మళ్లీ వచ్చి కుడివైపు అన్నారు, అక్కడా అరగదీశాను. మూడోసారి పైన అన్నారు. అప్పటికి సెట్టు వదులైపోయింది. ఈయనకు సాధింపు ఎక్కువని లోపల విసుక్కున్నాను కూడా.

తర్వాతి వారం ఆయన రాలేదు. వానలో బస్సు పట్టుకుని ఆయన భార్య నూకాలమ్మ ఒక్కతే వచ్చింది. ల్యాబు గుమ్మం దగ్గరే నిలబడి, లోపల ఎవరూ లేరని చూసుకుని చెప్పింది.

"దీదీ, ఆయన్ని ఏటీ అనకండి. పళ్లు ఎక్కడా ఒత్తట్లేదు. బాన్సురీ, అదే పిల్లంగోవి, పలకట్లేదు. సర్కారీ ఆస్పత్రికి ఎల్లి పాట రావట్లేదని ఎలా సెప్తానని సిగ్గు ఆయనకి. రోజూ సాయంత్రం ఊదీవోడు. ఇప్పుడు గుడ్డలో సుట్టి పెట్టీసినాడు. నాతో మాట కూడా తగ్గించీసినాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. లేని నొప్పి కోసం మూడుసార్లు అరగదీసి మంచి సెట్టును పాడుచేశానన్నమాట. వెళ్లి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంట్లో ఉన్న వేణువులన్నీ తీసుకుని ఆయన్ని రమ్మని కబురు పంపాం.

మూడు తెచ్చారు. ఒకటి మన దక్షిణాది వేణువు. పొట్టిగా, వేళ్లకు ఎనిమిది రంధ్రాలతో ఉంటుంది. రెండోది ఉత్తరాది బాన్సురీ, మూరెడు దాటిన పొడవు, వేళ్లకు ఆరు రంధ్రాలు. ఈ రెండూ అడ్డంగా పట్టి ఊదేవి. మూడోది మనవరాలు బడిలో వాయించే ప్లాస్టిక్ రికార్డర్. ఈలలా కొసను నోట్లో పెట్టుకుని ఊదాలి.

డాక్టరు ముందు ఒక్కొక్కటే ఊదించాం. రికార్డర్ శుభ్రంగా పలికింది. అంటే ఊపిరికీ వేళ్లకూ లోపం లేదు. బాన్సురీలో సగం స్వరం, సగం గాలి. వేణువులో అంతా గాలే. కారణం అప్పుడు బోధపడింది. రికార్డర్‌లో గాలి వెళ్లే దారి లోపలే కోసి ఉంటుంది. అడ్డ వేణువుకు ఆ దారిని పెదవులే చెయ్యాలి. పెదవులకు వెనక దన్నుగా నిలిచేవి పళ్లు. వాటిని వెనక్కి జరిపిన మనిషిని నేను.

డాక్టరు మంచి మనసుతోనే, పలికేదాన్నే వాయించుకోవచ్చు కదా అని హిందీలో అడిగింది. ఆయన రికార్డర్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, నావైపు తిరిగారు.

"ఇది ఎవులు ఊదినా ఇలాగే పలుకుద్ది మేడమ్. మా పాప ఊదినా ఇంతే. ఆ రెండూ అలాగ కాదు. నలభై ఏళ్లు ఊదితే నా నోటికి అలవాటైనాయి."

ఆ మాటలు నేను హిందీలోకి మార్చి చెప్పాను. డాక్టరు ఒక షరతు చెప్పింది. పళ్లు ముందుకు జరిపితే, ముందు పళ్లతో కొరికినప్పుడు సెట్టు ఊడొచ్చు. అందుకు ఒప్పుకుంటారా అని అడిగింది. జామకాయలు కోసుకు తింటానని ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

కొత్తగా అచ్చు తీశాం. నూకాలమ్మ ఒక పెళ్లి ఫొటో తెచ్చింది. అందులో ఆయన పక్కకు తిరిగి వేణువు ఊదుతున్నారు. పై పెదవి ముందుకు నిండుగా ఉంది. నవ్వుతున్న ఇంకో ఫొటోలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కనిపించింది. నా పుస్తకం ప్రకారం రెండూ దిద్దాల్సిన వంకరలే.

ఆ రోజు చేసిన పని నేను ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు. మైనం మీద నిలబెట్టిన పళ్లనే డాక్టరు ఆయన నోట్లో పెట్టింది, ఆయన మెల్లగా ఊదారు. నోటి వేడికి మైనం మెత్తబడుతుంది కాబట్టి రెండు ఊపిరులకోసారి తీసి చన్నీళ్లలో ముంచాం. నేను ల్యాబుకు తీసుకెళ్లి వేడి కత్తితో వెంట్రుకవాసి ముందుకు జరిపి తెచ్చేదాన్ని. రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి బాన్సురీ పలికింది. నాలుగోసారి, వంకర పన్ను కూడా పాత చోటికి జరిపాక, పొట్టి వేణువులోంచి ఒక స్వరం సన్నగా మొదలై నిలబడింది. ఆయన కళ్లు మూసుకుని ఊపిరి ఉన్నంతసేపూ దాన్ని వదల్లేదు. డాక్టరు గడియారం వైపు చూడలేదు.

గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న నూకాలమ్మ లేచి దగ్గరకొచ్చి, ఆయన గడ్డం పట్టుకుని, ఆ వంకర వరసను చూసింది.

"ఇప్పుడు మా ఆయనలాగున్నాడు," అంది.

ఆయన ఆసుపత్రి కార్డులో డాక్టరు, రోగి కోరిక మీద అందం తగ్గించి అమర్చినట్టు రాసి సంతకం చేసింది. సెట్టు ఉడికించి ఇచ్చాను. మళ్లీ అరగదీయాల్సిన పని పడలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. రోగి చెప్పే నొప్పి ఒక్కోసారి చెప్పుకోలేని దానికి బదులుగా చెప్పేది. పళ్లతో తినడం, మాట్లాడటం కాక ఇంకేం చేస్తారో ముందే అడగాలి. డాక్టరు అనుమతితో ఆ ప్రశ్నను మా కార్డులో చేర్చాం. ఒకాయన వల అల్లుతూ దారం కొరుకుతానన్నాడు, ఒకావిడ గుళ్లో శంఖం ఊదుతానంది. చాలామంది మాత్రం మొదట ఏం లేదనే అనేవారు. పెన్ను కింద పెట్టి, రెండోసారి అడిగేదాన్ని.