చిప్సు ప్యాకెట్టులో గాలి

మొన్న సిరిగేరిలోని మా ఇంట్లో మా పాప చిప్సు ప్యాకెట్టు టప్పున చించింది. లోపలి గాలి మసాలా వాసనతో తగలగానే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఇప్పటికీ నాకు అంతే.

చిన్నప్పుడు బడి వదలగానే ఆ ప్యాకెట్టు ఉండాల్సిందే. రాత్రికి అన్నం సహించేది కాదు, కడుపునొప్పితో ముడుచుకొని పడుకునేదాన్ని. ఒకరోజు మా అవ్వ విసుక్కుంది.

"ఆ ప్యాకెట్టంతా గాలేమే! దాంతో కడుపు నింపుకుంటాండావు, ఇంగ అన్నం యాడికి పోవల్ల?"

మా ఊళ్ళో తెలుగువాళ్ళకైనా కన్నడంవాళ్ళకైనా గాలి అంటే దయ్యం కూడా. జ్వరంలో ఎవరైనా పలవరిస్తే గాలి సోకిందనేవారు. నా కడుపులో దూరింది అదేనని హడలిపోయాను. మర్నాడు ప్యాకెట్టును చేయి చాచి దూరంగా పట్టుకొని చించి, అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

"ఏందిమే, ఆడ పెట్టినావు?" అంది అవ్వ.

"గాలి పోనీ అవ్వా, ఆమేల తింటా."

అవ్వ నవ్వు ఆపుకుంది. "అది పొయ్యేకి శానా సేపు పడతాది. అంతలోపల ఇది తిను" అంటూ నిమ్మకాయ పిండిన వేడి వేడి బొరుగుల ఉగ్గాణి పళ్ళెం చేతికిచ్చింది. అది తిన్నాక చిప్సు నాలుగు ముక్కలకే చాలనిపించింది. తర్వాత రోజూ అదే వరస. కడుపునొప్పి ఎప్పుడు మానిందో నాకే తెలీదు.

అవ్వ అన్నది మామూలు గాలి గురించేనని పెద్దయ్యాక అర్థమైంది. ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదో తల్లినయ్యాక అర్థమైంది.

ఇదంతా విని మా పాప పడీపడీ నవ్వింది. తర్వాత ప్యాకెట్టులోకి ఒకసారి తొంగిచూసి, దాన్ని కిటికీలో పెట్టి వచ్చింది.

"గాలి పోనీమ్మా. అంతలోపల ఉగ్గాణి చేస్తావా?"