బొమ్మల చదువుకి నేను కట్టిన వెల

పోయిన నెల ఒక మధ్యాహ్నం, తిరువూరు బస్టాండు దగ్గరున్న నా ఫ్లెక్సీల కొట్లో కూర్చుని, పుట్టినరోజు చేసుకోబోతున్న ఒక పెద్దమనిషి బట్టతల మీద కంప్యూటరుతో ఎకరన్నర జుట్టు నాటుతుంటే, విస్సన్నపేట నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి ఇంటరు అయిపోయింది, బొమ్మల డిగ్రీ, అంటే నేను చదివిన ఆ బీఎఫ్ఏనే చదువుతానని పట్టుబట్టింది, సీటు కూడా తెచ్చుకుంది, సోమవారంలోగా ఫీజు కట్టాలి. మామిడికాయల వ్యాపారం చేసే మా బావగారు కాపు చూడకుండా ఏ తోటా బేరమాడని మనిషి కాబట్టి, మీ అన్నయ్య ఆ చదువే చదివారుగా, దాంతో నెలకి ఎంతొస్తుందో ఆయన్నే నిజం చెప్పమను, ఆదివారం సాయంత్రం నేనే మాట్లాడతాను అన్నారట. అంటే నా నోట్లోంచి వచ్చే అంకె మీద మా మేనకోడలి చదువు ఆధారపడి ఉందన్నమాట.

నన్నెరిగినవాళ్లెవరూ నన్ను అంకెలడగరు. వానపామును చూసొచ్చి కొండచిలువ అని చెప్పే రకం నేను. రెడ్డిగూడెం బస్సులో నలుగురు నిలబడి ఉంటే, టాపు మీద నలభైమంది, వాళ్లలో ఇద్దరికి మేకలు, ఒక మేకకి టికెట్టు కూడా కొట్టారు అని చెబితేగాని నాకు అన్నం అరగదు. అలాంటి నేను ఫోన్ పెట్టేశాక పెద్దమనిషి జుట్టుని నడినెత్తిన సగంలోనే వదిలేశాను. ఎందుకంటే ఈ చదువుకి నేను వెల కట్టడం ఇది రెండోసారి.

మొదటిసారి తొంభైల చివర్లో, ఒక ఎండాకాలం. అప్పుడు మా నాన్న ఊళ్లో ఎరువుల కొట్లో గుమాస్తా. ఆయన చొక్కాకి యూరియా వాసన ఎంతగా పట్టేసిందంటే, సాయంత్రం ఆయన నడిచొచ్చే దారిలో మొక్కలన్నీ మిగతా వీధులకంటే జానెడు ఎత్తు పెరిగేవి. ఆయన జీతంతో ఇల్లు గడిపి, ఒక్క పిల్లని, అదీ గట్టిగా ఊపిరి బిగబడితే, పట్నం హాస్టల్లో పెట్టొచ్చు. ఇద్దర్ని పెట్టడం ఆయన వల్లయ్యే పని కాదు. చెల్లెలు నాకంటే రెండేళ్లు చిన్నదే అయినా, ఇంటరు లెక్కల పేపరు నన్ను వదల్లేక రెండేళ్లపాటు వెనక్కి పిలుస్తూనే ఉండడంతో అది నన్ను అందుకుంది. చివరికి నన్ను ఆ పేపరు గట్టెక్కించిందీ అదే. వేసవంతా పెరట్లో చాప మీద కూర్చోబెట్టి, నేను పుస్తకం అంచుల్లో దాని జడని బొమ్మ వేస్తుంటే చేతిమీద స్కేలుతో కొడుతూ, నా చేత ముప్ఫై అయిదు మార్కులు తెప్పించింది. ఆ మార్కులే లేకపోతే నేను విశాఖపట్నంలో బొమ్మల కాలేజీ గడప తొక్కేవాణ్ణి కాదు. అదే వేసవిలో దానికి ఇంజనీరింగులో సీటొచ్చింది, విజయవాడ దగ్గర.

నాన్న ఒకరోజు మధ్యాహ్నం భోజనానికొచ్చి, పీట మీద కూర్చుని, నా వైపు తిరిగి అడిగారు.

"ఏరా, ఇంజనీరింగంటే ఏదో తెలుసు. ఈ బొమ్మల చదువు చదివితే ఏమొస్తుంది?"

అంతే, నేను మొదలుపెట్టాను. హైస్కూళ్లన్నిట్లో డ్రాయింగు మాస్టరు కుర్చీలు దుమ్ముకొట్టుకుని నాకోసం ఎదురు చూస్తున్నాయన్నాను. సబ్బు కాగితం మీద ఒక ఆడమనిషి మొహం గీసిపెడితే కంపెనీవాళ్లు మేడ కట్టిస్తారన్నాను. గేదె బొమ్మ వేస్తే విదేశాలవాళ్లు నూరు గేదెల ఖరీదిచ్చి పట్టుకుపోతారన్నాను. నాన్న పెరుగన్నంలోకొచ్చేసరికి, నెలకి ఇరవై వేలకి తగ్గదు, ఎమ్మార్వోగారి జీతం కూడా దీని ముందు చిల్లరే అని తేల్చేశాను. ఆ అంకె నాకెవరూ చెప్పలేదు, నాలుక చివరికి అదే వచ్చింది. ఇంకొంచెం సేపు అడిగి ఉంటే యాభై కూడా అయ్యుండేది. నా పక్కనే నిలబడి వడ్డిస్తున్న అమ్మ ఆ ఇరవై వేలు వినగానే నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. నాన్న చెయ్యి కడుక్కుంటూ, సరే, వీణ్ణి పంపిద్దాం, అమ్మాయి ఇక్కడే డిగ్రీ చదువుతుంది, ఇంటిపట్టున ఉంటుంది అన్నారు. చెల్లెలు నాన్నకి తువ్వాలు అందించింది.

నాలుగేళ్లు చదివి, రెండువేల సంవత్సరం దాటాక, పట్టా పట్టుకుని తిరువూరు దిగాను. డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి కావాల్సింది వేరే సర్టిఫికెట్టట. ఒక ఆఫీసులో గుమాస్తాగారు నా పట్టాని రెండువైపులా తిప్పి చూసి, ఇది మరీ పెద్ద చదువండీ, మాకు కావాల్సింది చిన్న చదువు అని మర్యాదగా తిరిగిచ్చారు. సబ్బు కంపెనీలేవీ తిరువూరు వైపు రాలేదు. దాంతో నేను రికార్డులు గీయడంలో పడ్డాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఇంటరు పిల్లలకి సైన్సు రికార్డులుండేవి, బొమ్మలు రానివాళ్లు ఎవరిచేతో గీయించుకునేవారు. వినగడప నుంచి, రెడ్డిగూడెం నుంచి సంచుల్లో వేసుకుని తెచ్చేవారు. నేను గీసిన కప్పలన్నీ లేచి గెంతి ఉంటే ఈ చుట్టుపక్కల చెరువులేవీ చాలేవి కావు. మందార పువ్వుని నిలువునా కోసిన బొమ్మని కళ్లు మూసుకుని, ఎడంచేత్తో, తుమ్ముతూ కూడా వేసేవాణ్ణి. అప్పటికి చెల్లెలు బీఎస్సీ చేసి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. బేరాల్లో సగం అదే తెచ్చేది, మా అన్నయ్య విశాఖలో చదివాడు అని గొప్పగా చెప్పి మరీ.

ఒక శనివారం ఇంజనీరింగు మొదటి ఏడు చదివే ఇద్దరు విద్యార్థులు చాపంత డ్రాయింగు షీటు పట్టుకొచ్చారు. ఏదో యంత్రం ముక్క బొమ్మ ఇచ్చి, అది ముందునుంచి ఎలా ఉంటుందో, పైనుంచి ఎలా ఉంటుందో గీయమన్నారట. ఓస్ ఇంతేనా, సముద్రాన్నే అలలు లెక్కపెట్టి గీసినవాణ్ణి అని చెప్పి కూర్చోబెట్టాను. గంట గడిచింది. రబ్బరు సగం అరిగింది. ఆ ఇనపముక్క నాకు ఏ వైపునుంచి చూసినా ఇనపముక్కలాగే కనబడింది. మంచం మీద పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న చెల్లెలు, ఎర్రపెన్ను చెవి మీద దోపుకుని వచ్చి, నా భుజం మీదుగా వంగి చూసింది.

"వెనకాల గాడి ఉంది కదన్నయ్యా. ముందునుంచి కనబడదు. అక్కడ చుక్కల గీత రావాలి."

"నీకెలా తెలుసే?"

"బొమ్మలోనే ఉందిగా. జరుగు."

జరిగాను. పుస్తకంలో రెండు పేజీలు తిరగేసి, పావుగంటలో మూడు వైపులనుంచీ ఆ ముక్కని కాగితం మీద విప్పి పెట్టేసింది. నేను పక్కన కూర్చుని పెన్సిల్ చెక్కిచ్చాను, జీవితంలో మొదటిసారి ఒక్క గొప్ప కూడా చెప్పుకోకుండా. కుర్రాళ్లలో ఒకడు, అక్కా, మీరు ఏ కాలేజీ అని అడిగాడు. ఇక్కడే, డిగ్రీ అని చెప్పి మళ్లీ పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయింది. గీతల మీద సిరా దిద్దింది నేను. కుర్రాళ్లు డబ్బులు నా చేతిలోనే పెట్టారు. తర్వాత ప్రతి శనివారం షీట్లు వచ్చేవి, దానికి పెళ్లయి విస్సన్నపేట వెళ్లేదాకా అదే విప్పేది, నేను సిరా దిద్దేవాణ్ణి.

అందుకని ఈసారి నిజమే చెబుదామనుకున్నాను. కాగితం మీద లెక్క కూడా వేశాను. పట్టా వచ్చాక పదేళ్లపాటు నా సంపాదన తాపీమేస్త్రీ కూలి కంటే తక్కువ, ఇప్పుడు ఈ కొట్టు మీద వచ్చేది కంప్యూటరు నేర్చుకున్నందుకు గాని బొమ్మల చదువుకి కాదు, అని తేలింది. ఆదివారం పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేసి ముందుగా చెప్పాను. అది అంతా వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మరీ అంత తక్కువ చెప్పకన్నయ్యా. కాస్త పెంచి చెప్పు. నీకేం కొత్తా?"

ఏనాడూ ఒక్క మార్కు ఎక్కువ వెయ్యని లెక్కల టీచరు, కూతురి కోసం నన్ను అబద్ధమాడమంది. నలభై ఏళ్లుగా నీళ్లు తాగినంత సులువుగా వచ్చిన విద్య నాకు ఆ సాయంత్రం రాలేదు. బావగారు ఫోన్ స్పీకర్లో పెట్టి, చెప్పండి బావగారూ అనగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను, మేస్త్రీ కూలితో సహా. పిల్ల కొంప ముంచానే అనుకుంటుండగా ఆయన నాతో కాకుండా పక్కకి తిరిగి మాట్లాడడం వినిపించింది.

"విన్నావుగా అమ్మా, మీ మావయ్య చెప్పింది. నువ్వేమంటావు?"

"చేరతాను నాన్నా."

"సరే అయితే."

ఎంత చిన్న ప్రశ్న. అడగడానికి ఆయనకి పట్టింది ఒక్క క్షణం. మామిడికాయల బేరాలు తప్ప ఇంకేం తెలియదని నేను వెనకాల నవ్వుకునే మనిషి అడిగాడు. కాలం మారిందంటే రోడ్లూ ఫోన్లూ అనుకునేవాణ్ణి గాని, మారింది ఇదేనేమో. మా ఇంట్లో ఆ మధ్యాహ్నం నాన్న నన్నడిగారు, నా మాట విన్నారు, నా మీద నమ్మకం పెట్టుకున్నారు. రెండడుగుల దూరంలో నిలబడి ఉన్న మా చెల్లెల్ని మాత్రం నువ్వేమంటావమ్మా అని ఆయన అడగలేదు, అమ్మ అడగలేదు. అంత వాగినవాణ్ణి, నేనూ అడగలేదు.