చిచ్చాను పిలవని పెళ్ళి

మొన్న మొయినాబాద్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో మా అక్క మనవరాలి పెళ్ళికి పోతే, భోజనాల దగ్గర మా మరిది కొడుకు ఒక చేత కోడికాలు, ఇంకో చేత ఫోను పట్టుకుని, ఎక్కడో పరాయి దేశంలో బాంబు పేలిన వార్త చూస్తూ, ఆ తురకవాళ్ళ రక్తంలోనే ఉన్నది పెద్దమ్మా అని తీర్పు చెప్పేశాడు. కాలేజీలో చరిత్ర చెప్పే మా అల్లుడు ఊరుకుంటాడా! రష్యా సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగడం, దాని మీదికి ఉసిగొల్పడానికి పెద్ద దేశాలు తుపాకులు పంచి పడుచువాళ్ళను వీరులని పొగడటం, యుద్ధం అయిపోగానే చేతులు దులుపుకుని పోవడం, తరాల తరబడి శిబిరాల్లో మగ్గే పాలస్తీనా జనం, చమురు కోసం జరిగిన దండయాత్రలు, అన్నీ రెండు ముద్దల నడుమ అప్పజెప్పాడు. ఇద్దరూ ఇంకోసారి వడ్డించుకున్నారు. నాకు మాత్రం మేకలు కోసే మా చిచ్చా గుర్తొచ్చాడు.

మా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, మా చిన్నతనంలో మా ఊరు ఎంకపల్లి చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, పటేళ్ళ ఇంట గానీ, మాలాంటి కిరస్తానీల ఇంట గానీ, మేకను కోయడానికి మొయినాబాద్ నుంచి, చిన్నా పెద్దా అందరం చిచ్చా, అంటే చిన్నాన్నా, అని పిలిచే ఆ తురకాయన రావలసిందే. ఆయన బిస్మిల్లా అననిదే పొయ్యి మీద గిన్నె ఎక్కేది కాదు. పిలిచిన వాళ్ళలో తురకవాళ్ళుంటే వాళ్ళూ మనతో కలిసి తినాలి కదా, అందుకు. మా పాస్టరు కూడా కిమ్మనేవాడు కాదు, పైగా ముందు పంక్తిలో కూర్చునేవాడు. పెళ్ళి ఖాయం కాగానే పూలవాడి కంటే ముందు చిచ్చాకే కబురు పోయేది.

ఆయనకు ఒక్కడే కొడుకు. తల్లి లేని పిల్లవాడు. పట్నంలో మోటారు వైండింగు నేర్చుకుని, వెంట్రుకంత రాగి తీగను ఎంత ఒద్దికగా చుట్టేవాడో! పట్నంలో బాంబు పేలినప్పుడు పోలీసులు ఎందరినో పట్టుకుపోతే అందులో వీడూ పోయాడు. ఏమీ దొరకక, కేసు కూడా లేకుండా వదిలేశారు. అప్పటికి నేను చేవెళ్ల దవాఖానకు నర్సుగా బదిలీ మీద వచ్చాను. చిచ్చా వాడిని నా దగ్గరకే తెచ్చాడు, కట్టు విప్పి చూస్తే కుడిచేతి వేళ్ళు నలగ్గొట్టినట్టున్నాయి. ఇక ఆ చేత్తో తీగ చుట్టడం కల్ల.

ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళు వచ్చాయి. చిచ్చాకు ఏ ఇంటి నుంచీ కబురు రాలేదు. వాళ్ళతో మనకెందుకు, ఎందుకైనా మంచిది అని మావాళ్ళ జాగ్రత్త! మా మేనమామ కూతురి పెళ్ళికి, చెప్పడం మరిచిపోయి ఉంటారనుకుని, ఆ పిచ్చి మారాజు ఉతికిన లుంగీ కట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని తనంతట తానే వచ్చాడు. అప్పటికే ఎవరినో పిలిచి మేకను కోయించేశారు. పందిట్లో మా మేనమామ అందరికీ వినబడేలా, "ఏం చిచ్చా, మేకను కోస్తవా, మమ్మల్నే కోస్తవా?" అన్నాడు. పందిరి పందిరంతా నవ్వింది. నేను మేనమామ అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం లాభం? చిచ్చా కూడా వాళ్ళతో పాటు నవ్వడానికే చూశాడు పాపం. కొడుకు మాత్రం ఒక్కొక్కరి ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత వాళ్ళింటికి పట్నం నుంచి ఒకడు రావడం మొదలుపెట్టాడు. మెత్తని మాట, చేతిలో మందులు, పండ్లు. మా ఊళ్ళో ఎవడూ పోయి ఎట్లున్నవు అని అడగని పిల్లవాడి పక్కన కూర్చుని అన్నం తినిపించాడు. ఆపైన సీడీలు చూపించాడు. కూలిన ఇళ్ళు, గుడ్డల్లో చుట్టిన పసిపిల్లలు, పేరు కూడా తెలియని దేశాలు. అవన్నీ నిజమే. నీ చెయ్యీ ఆ పిల్లలూ ఒకటే గాయం అని నూరిపోశాడు. చిచ్చా ఆ పట్నంవాడిని గడప తొక్కనివ్వనని గొడవపడి, నా దగ్గరకు దవాఖానకు వచ్చి ఏడ్చాడు. "బిడ్డా, వానికి నా కొడుకు మీద ప్రేమ లేదు, ఆ ఇరిగిన చెయ్యి మీదనే ప్రేమ. నువ్వు చెప్తే ఇంటడు, జర చెప్పు."

పోయి చెప్పాను, బతిమాలాను. వాడు నవ్వి, "అక్కా, ఆ దినం నువ్వొక్కదానివే నవ్వలే. నీకోసమని ఆగాల్నా?" అన్నాడు. ఆ వారమే ఇల్లు వదిలాడు.

చాలా కాలానికి అధికారులు జీపులో ఫోటో తెచ్చారు. ఏదో దూరదేశంలో, రొట్టెలు కొనే బజారులో, నడుముకు పేలుడు మందు కట్టుకుని చిచ్చా కొడుకు తానూ పోయి జనాన్నీ తీసుకుపోయాడట. చనిపోయిన వాళ్ళంతా వాడి మతం వాళ్ళే. ఫోటోలో ఉన్నది తన కొడుకు కాదంటే చిచ్చాను విడిచిపెట్టేసేవాళ్ళేమో. చిచ్చా ఫోటోను చేతిలోకి తీసుకుని, "నా కొడుకే సాబ్" అన్నాడు. పోయిన వాళ్ళలో పిల్లలున్నారా అని అడిగాడు. అధికారి ఉన్నారన్నట్టు తల ఊపాడు.

"మేకక్కూడ నీళ్ళు తాపి కోస్త సాబ్. ఇంకో మేక సూడకుండ కోస్త. వీడు నా కొడుకు గాదు పో. ఈ ఫోటో తీస్కపొండ్రి."

అప్పుడు మావాళ్ళు, మా మేనమామతో సహా, చిచ్చా మంచోడురా అన్నారు. ఇన్నేళ్ళు వాళ్ళ నోట రాని మాట, కొడుకును కాదన్నాక వచ్చింది. మర్నాడు నేను పోతే, ఆ మంచివాడు కొడుకు చొక్కా ఒళ్ళో పెట్టుకుని, కట్టుతో ఉన్న విరిగిన చెయ్యి పట్టక చింపి కుట్టించిన ఆ చొక్కా కుడిచేతినే నిమురుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు మాంసం క్యాటరింగువాళ్ళ డబ్బాల్లో వస్తుంది. ఎవరు కోశారో, ఎవరు తినకుండా లేచిపోయారో అడిగే వాళ్ళే లేరు.